పదకొండు నిమిషాలు

పది గంటలని మీటింగులో తేల్చారు.
ఆరు చాలన్నాడు టోర్‌బ్యోర్న్,
మెతుకు పట్టి చూడ్డానికి
కుండంతా దేనికని నవ్వింది
లెక్కలు చూసే ఉల్‌రీకా.
చివరికి పది.
పదే ఎందుకో ఎవరూ అడగలేదు,
చేతులకున్న వేళ్ళు అన్నే కాబట్టేమో.

ఆ గడియారం రాసింది నేను.
మాల్మో రేవు పక్కన, మూడో అంతస్తులో,
మూడున్నరకే చీకటి దిగే జనవరి కిటికీ కింద
నూట నలభై లైన్లు,
సగం కొరికిన దాల్చినచెక్క బన్ను.

ఆట ఇంకా పూర్తవలేదు.
ఉత్తరం కొండలకి రంగు లేదు,
వంతెన నది మధ్యలో ఆగిపోతుంది,
గుర్రం ఒక్కోసారి గోడలోంచి నడిచిపోతుంది.
అయినా ముందే రమ్మని పిలిచాం జనాన్ని,
తడి సున్నం ఆరకుండానే
గదులు చూపించే మేస్త్రీల్లా.

ఒక్కచోట మాత్రం గొడవపడ్డాను.
ఆట ఆపి లేచినప్పుడు
గడియారాన్నీ ఆపుదామన్నాను.
ఎవరో బెల్లు కొడతారు,
పొయ్యి మీద పాలు పొంగుతాయి,
అవి మన ఆటలోవి కావు కదా అన్నాను.
సిగ్నల్ దగ్గర ట్యాక్సీ ఆగితే
మీటరు ఆగుతుందా, అన్నాడు టోర్‌బ్యోర్న్.
చేతులెత్తారు. ఓడిపోయాను.
ఓడినవాళ్ళే కోడ్ రాయడం మా దగ్గర రివాజు.

నలభై వేలమంది వచ్చారు.
పేర్లుండవు, అంకెలే.
ఎక్కువమంది గుక్క తిప్పుకోకుండా తాగేశారు,
శుక్రవారం రాత్రి మూత తీస్తే
శనివారం మధ్యాహ్నానికి సీసా ఖాళీ.
కొందరు వేరే పేరుతో మళ్ళీ వచ్చారు,
దొంగమీసం అంటించుకుని
రెండో బంతిలో కూర్చున్నట్టు.
వాళ్ళని పట్టుకునే కోడూ నాదే.
పట్టుకోవాల్సినంత గట్టిగా రాయలేదు.

ముప్ఫై ఒక్క వేల రెండు వందల ఏడు.
కిరునా నుంచి,
గని తవ్వీ తవ్వీ ఊరినే పక్కకి జరిపిన చోటు నుంచి.
రోజూ తెల్లవారుజామున నాలుగూ పదికి
ఇరవై నిమిషాలు.
కత్తి తీసుకోలేదు,
కోట వైపు చూడలేదు,
మూడు నెలలు చెక్కిన మా రాక్షసుడు
గుహలో ఒక్కడే గొణుక్కుంటూ ఉండిపోయాడు.
తిన్నగా పడవల రేవుకి నడక.
అక్కడి ముసలి కుక్కకి ఒక చేప.
పక్కన కూర్చోవడం.

ఆ కుక్కని ఎస్కిల్ అనే కుర్రాడు
భోజనాల వేళ సరదాకి పెట్టాడు.
దానికి పని లేదు, పేరూ లేదు,
చేప తింటే తోక రెండుసార్లు ఊపుతుంది.

అలా ఇరవై తొమ్మిది రోజులు.
ఒకరోజు మధ్యలో ఆపి
తొమ్మిది నిమిషాలు ఎటో వెళ్ళారు.
నా గడియారం ఆ తొమ్మిదీ మింగింది.
ముప్ఫయ్యో రోజు రాలేదు.
మిగిలినవి పదకొండు.

షిఫ్టు దిగి వచ్చేవాళ్ళో, ఎక్కబోయేవాళ్ళో,
విసుగు పుట్టిందో, చాలనిపించిందో,
నాకు తెలీదు. అడిగే హక్కూ లేదు.
మా అమ్మమ్మ మాత్రం
లింగన్‌పళ్ళ జాం సీసా అడుగు గీకనిచ్చేది కాదు.
లోపల కాస్త ఉంటేనే అది సీసా,
లేకపోతే గాజు, అనేది.

మే నెలలో ఆట పూర్తయింది.
వంతెన అవతలి ఒడ్డు తాకింది,
కొండలు నీలం తొడుక్కున్నాయి.
మిగిలిపోయిన ట్రయల్ గంటలన్నీ తుడిచెయ్యమని
నాకే పని వచ్చింది.
తుడిచాను.
పదకొండూ పోయాయి,
స్క్రీన్ మీద చుక్కయినా రాలలేదు.

జూన్‌లో టోర్‌బ్యోర్న్ ఒక తప్పు నమోదు చేశాడు:
రోజూ నాలుగూ పదికి
రేవులో కుక్క కారణం లేకుండా లేచి నిలబడుతోంది,
దారి వైపు చూస్తోంది.
తీవ్రత: స్వల్పం.

తప్పు కాదు, అలాగే ఉండాలి
అని రాసి మూసేశాను.